ముల్లు కదలని బండిలో ఆదిలాబాద్‌కు

చలికాలం వచ్చిందంటే పేపర్లో ఒక మూల ఆదిలాబాద్ పేరు, పక్కన రాత్రి ఉష్ణోగ్రత రోజూ కనబడతాయి. కరీంనగర్‌లో దుప్పటి కప్పుకుని ఆ అంకె చదివి, "అబ్బో" అనుకుని పేజీ తిప్పేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మొన్న డిసెంబరులో రెండు రోజులు పోయి వచ్చాక అంత తేలిగ్గా పేజీ తిప్పలేకపోతున్నాను. పోయింది విహారానికి కాదు, ఒక పసిగుడ్డును తీసుకురావడానికి.

మా అక్క ఉండేది ఆదిలాబాద్‌లో. ఆమె కూతురు స్వప్న పుట్టింటికి పురిటికి వచ్చి, నెలలు నిండకముందే ఆడపిల్లను కన్నది. బిడ్డ రెండు కిలోలు కూడా లేదు. మూడు వారాలు ఆస్పత్రిలో వెచ్చటి పెట్టెలో ఉంచి, ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. బిడ్డకు చలి తగలకూడదు. ముప్పై రోజులు దాటకుండా కళ్ళ పరీక్ష జరగాలి. నెలలు నిండని పిల్లలకు కంటి లోపలి పొర చెడిపోయే ప్రమాదం ఉంటుందట, ఆలస్యమైతే చూపే పోవచ్చట. ఆ పరీక్ష చేసే డాక్టరు ఆదిలాబాద్‌కు నెలకోసారి వస్తాడు. ఆ నెల వచ్చి వెళ్ళిపోయాడు. కరీంనగర్‌లో ఒక కళ్ళ ఆస్పత్రికి మాత్రం ప్రతి గురువారం హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి, మధ్యాహ్నం రెండింటి దాకా ఉంటాడు. రాబోయే గురువారానికి బిడ్డకు ఇరవై తొమ్మిదో రోజు.

బిడ్డ తండ్రి మస్కట్‌లో డ్రైవరు. సెలవు దొరకలేదు. "టాక్సీ మాట్లాడమంటవా తమ్మీ?" అని అక్క ఫోన్లో అడిగితే, "ఎందుకక్కా, మన బండ్ల హీటర్ ఉన్నది, నేనొస్త" అని గొప్పగా అనేశాను.

ఆ బండి సంగతి చెప్పాలి. పదహారేళ్ళ నాటి డీజిల్ బండి, ఏడు సీట్లది. దాంట్లోనే రోజూ హుస్నాబాద్ దగ్గరి హైస్కూలుకు పోయి సైన్సు చెప్పి వస్తాను. ఇంజిన్ వేడి చూపించే ముల్లు రెండేళ్ళుగా అడుగున పడుకుని లేవలేదు. "రోహిణి కార్తెలో కూడా మా బండి వేడెక్కదు" అని స్టాఫ్ రూములో ఎన్నిసార్లు కోతలు కోశానో లెక్కలేదు. పాతికేళ్ళుగా పిల్లలకు ఉష్ణం పాఠం చెబుతున్న మనిషిని, ఆ ముల్లు ఎందుకు లేవడం లేదని ఒక్కనాడూ ఆలోచించలేదు.

కోరుట్ల చాయ్

బుధవారం తెల్లవారుజామున బయల్దేరాను. జగిత్యాల దాటేసరికి మంచు దట్టమైంది. హీటర్ తిప్పితే ఫ్యాను గిర్రున తిరిగింది, గాలీ వచ్చింది, చల్లగా వచ్చింది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదేమో అనుకున్నాను. గంట గడిచింది. గాలి అలాగే ఉంది, కాళ్ళు కొయ్యబారాయి.

కోరుట్లలో చాయ్ బండి దగ్గర ఆగి బానెట్ ఎత్తాను. రేడియేటర్‌కు పోయే లావు రబ్బరు పైపులు రెండు ఉంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. రెండూ పట్టుకుని చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి. హీటర్ పెట్టెలో ఏదో అడ్డుపడిందని తీర్పు ఇచ్చేసుకున్నాను. చాయ్ పోసే ఆమె గ్లాసు అందిస్తూ తొంగిచూసింది.

"ఇంత దూరం ఉరికొచ్చిన బండి, చెయ్యి వెడితె సుర్రుమనాలె గద సారూ? గోరువెచ్చగున్నదంటె పొయ్యే సరిగ అంటుకోలే."

"ఇది ఇంజిన్ అమ్మా, పొయ్యి గాదు" అన్నాను. పది రూపాయల చాయ్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఆ మాటను అక్కడే వదిలేశాను. ఆ రెండు రోజుల్లో నాకు ఎదురైన మొదటి మెకానిక్కు ఆమెనే అని సాయంత్రానికి గానీ బుర్రకెక్కలేదు.

సోన్ వంతెన దాటాక

సోన్ దగ్గర గోదావరి కనబడలేదు, వంతెన కింద తెల్లటి మంచు మాత్రమే ఉంది. అయినా నా ముందు బస్సులో ఆడవాళ్ళు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి రూపాయి బిళ్ళలు వేస్తూనే ఉన్నారు. నేనూ ఒకటి వేసి దండం పెట్టుకున్నాను. మామూలుగా అంత భక్తి లేదు నాకు.

నిర్మల్‌లో కొయ్యబొమ్మల దుకాణాలు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. పోయినసారి గంటసేపు నిలబడి చూశాను. ఈసారి ఆగబుద్ధి కాలేదు. నిర్మల్ దాటి అడవిలోకి వచ్చాక చలి ఇంకో రకంగా ఉంది. మా కరీంనగర్ చలి చర్మం మీద తిరుగుతుంది, ఇది ఎముకలో కూర్చుంటుంది. అద్దానికి లోపల ఆవిరి పడుతుంటే రుమాలుతో తుడుచుకుంటూ పోనిచ్చాను. రేపు ఇదే దారిలో, ఇదే వేళకు, వెనక సీట్లో రెండు కిలోలు లేని పిల్ల ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా హీటర్ మళ్ళీ ఒకసారి తిప్పి చూశాను.

ఆదిలాబాద్: విఠల్ షెడ్డు

అక్క ఇంట్లో ఒక గదికి గాలి చొరకుండా కిటికీ సందుల్లో బట్టలు కుక్కారు. స్వప్న పొత్తిళ్ళు తీసి చూపించింది. ముఖం నా పిడికిలంత ఉంది. కళ్ళు మూసుకునే ఉంది.

"బండ్ల వెచ్చగుంటది గద మామా?" అంది స్వప్న.

ఉంటుంది బిడ్డా అన్నాను. అబద్ధం చెప్పానని అక్క నా ముఖం చూసి కనిపెట్టేసింది. వేడి వేడి జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిట్ల, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా పెట్టింది. మన దగ్గర రొట్టెలోకి పప్పో కూరో ఉండాల్సిందే. అక్కడ పిట్ల ఉంటే ఇంకేమీ అడగరు. చెయ్యి కడుక్కుంటుంటే, "విఠల్ తాన్కి పో. జీపులకు గాయననే డాక్టర్" అంది.

విఠల్ షెడ్డు పాత బస్తీ సందులో ఉంది, ఎదురుగా పోహా బండి. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు మాట్లాడే మనిషి, అందర్నీ అన్నా అన్నట్టు మరాఠీలో భావూ అంటాడు, అరవై దాటి ఉంటాయి. నేను హీటర్ పెట్టె విప్పమంటే వినిపించుకోలేదు. ఇంజిన్ ఆన్ చేయించి, పై పైపు మీద ఒక చెయ్యి, కింది పైపు మీద ఒక చెయ్యి వేసి, నాడి చూసినట్టు నిలబడ్డాడు.

"రెండు పైపులు ఒక్కసారే వెచ్చగైతున్నయి భావూ. గట్ల గావద్దు. పైది కాలాలె, కిందిది చల్లగుండాలె, గప్పుడు వాల్వ్ తెరుసుకోవాలె. నీ బండ్ల వాల్వ్ ఉన్నదా?"

రెండు ఎండాకాలాల కింద మా ఊరి మెకానిక్కు ఒక ఇత్తడి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "గీ ఎండలకు గిది ఎందుకు సార్, తీసేస్తె ఇంజిన్ సల్లగుంటది" అన్నాడు. సల్లగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను. విఠల్ అడిగిన వాల్వ్ ఆ బిళ్ళే, ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య అదొక తలుపు. నీళ్ళు తగినంత వేడెక్కేదాకా మూసుకుని ఉండి, ఎక్కాక తెరుచుకుంటుంది. తలుపు పీకేస్తే నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్లో చల్లారుతూనే ఉంటాయి. ఇంజిన్ వేడెక్కదు, హీటర్‌కు వేడి నీళ్ళు అందవు. ఈ మాత్రం ఎనిమిదో తరగతి పిల్లవాడికి ప్రశ్నగా ఇస్తే రాసేస్తాడు.

"మీ దిక్కు ఎండకు భయపడి తీపిచ్చుకుంటరు, మా దిక్కొచ్చి సలికి మల్ల పెట్టిచ్చుకుంటరు. నా షెడ్డు గట్లనే నడుస్తున్నది" అని విఠల్ నవ్వాడు.

కొత్త వాల్వ్ పెట్టడానికి నీళ్ళు దించితే తుప్పు రంగులో కారాయి. కూలెంట్ పొయ్యవా అని అడిగాడు. బోరు నీళ్ళు పోస్తామన్నాను. నవ్వు ఆగిపోయింది.

"బోరు నీళ్ళకు లోపల సున్నం కడ్తది భావూ. ఇన్నొద్దులు వాల్వ్ లేదు గన్క బయటవడలే. రేడియేటర్ సాఫ్ జేపియ్యాలె. నిర్మల్‌ల ఖాదర్ భాయ్ ఉన్నడు, రేపు పొయ్యేటప్పుడు గాడ ఆగు."

రేపు ఆగడానికి వీల్లేదు, కరీంనగర్ చేరాక చేయిస్తానన్నాను. ఆయన మంచి నీళ్ళూ కూలెంటూ కలిపి పోసి స్టార్ట్ చేయించాడు. కాసేపటికి హీటర్లోంచి వేడి గాలి తన్నుకొచ్చింది. రెండేళ్ళ తర్వాత ముల్లు లేచి సగానికి కాస్త కింద నిలబడింది. సంతోషం పట్టలేక ఇద్దరికీ పోహా చెప్పాను. పొద్దున మనకు ఇడ్లీ ఎట్లాగో వాళ్ళకు అటుకుల పోహా అట్లా, సాయంత్రం కూడా దొరుకుతుంది. పైన సన్న సేవ్, నిమ్మకాయ చెక్క. నేను ఆ పూట తిన్నంత ఇష్టంగా ఈమధ్య ఏదీ తినలేదు.

ఇచ్చోడ దాటాక

గురువారం తెల్లారకముందే బయల్దేరాం. వెనక సీట్లో అక్క, స్వప్న, స్వప్న ఒళ్ళో బిడ్డ. రాత్రి నుంచీ ముసురు, సూర్యుడు వచ్చే ఆశ లేదు. బండిలో మాత్రం హాయిగా ఉంది. "మా తమ్ముని బండి మా ఇంట్ల గది లెక్కనే ఉన్నది" అని అక్క మెచ్చుకుంది. నేను పొంగిపోయాను.

ఇచ్చోడ దాటి రోడ్డు బాగుంది కదా అని వేగం పెంచాను. ముల్లు సగం దాటింది. కొత్త వాల్వ్ కదా, కుదురుకుంటుంది అనుకున్నాను. ముప్పావుకు వచ్చింది. ఎర్ర గీత అంచుకు వచ్చింది. అడవిలో, చిన్న జల్లులో పక్కకు ఆపేశాను.

"ఏమైంది మామా?" స్వప్న గొంతు సన్నగా ఉంది.

"ఏం లేదు బిడ్డా, జర నీళ్ళు సూస్త" అని దిగి, బానెట్ ఎత్తి, గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను.

"ఓ సారూ! మూత ముట్టకు! మొకం కాలుతది!"

వెనకాల పత్తి లారీ ఆపి డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. నా చెయ్యి లాగేసి, ఊపిరి తీసుకుని, ఒకే ప్రశ్న వేశాడు. "నిలవడ్డప్పుడు పెరిగిందా, ఉరికినప్పుడు పెరిగిందా?"

"ఉరికినప్పుడే."

"నిలవడితె పెరిగితె ఫ్యాను. ఉరికితె పెరిగితె రేడియేటర్ జామ్. హీటర్ ఫుల్ పెట్టు. వేడి గాలి వచ్చిందా, లోపల నీళ్ళు తిరుగుతున్నయన్నట్టు, మెల్లగ పో. సల్లగాలి వచ్చిందా, అడుగు కదలకు."

కాసేపు ఆగి స్టార్ట్ చేశాను. హీటర్ ఫుల్ తిప్పి గాలి ముందు చెయ్యి పెట్టాను. ఆ రెండు క్షణాలు నేను ఏ దేవుణ్ణి తలుచుకున్నానో చెప్పలేను. వేడిగాలి కొలిమిలోంచి వచ్చినట్టు వచ్చింది. ముల్లు మెల్లగా వెనక్కి జరిగింది. ఇంజిన్ వేడినంతా లోపలికి, మా మీదికి లాగేస్తున్నామన్నమాట. డ్రైవరు పేరు అడగనే లేదు. చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

తీరా ఇప్పుడు వేడి ఎక్కువైంది. బిడ్డ ముఖం ఎర్రబడింది. పసిపిల్లకు మితిమీరిన వేడి కూడా ప్రమాదమే అని ఆస్పత్రిలో నర్సు చెప్పిందట. టోపీ తీశారు, ఒక పొత్తిలి తీశారు, కిటికీ రెండు వేళ్ళంత దించితే మంచు గాలి కొట్టింది, మళ్ళీ ఎక్కించారు. అలా దించుతూ ఎక్కిస్తూ, నలభై దాటకుండా నిర్మల్ వైపు పాకాం. నలభై మీద కరీంనగర్ చేరేసరికి డాక్టరు హైదరాబాద్ దారి పట్టి ఉంటాడు. ఆ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు, అక్క మాత్రం ఫోన్లో టైము చూసుకుంటూనే ఉంది.

నిర్మల్: ఖాదర్ భాయ్ నీళ్ళ పైపు

ఖాదర్ భాయ్ రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి రాశాడు. పై సగం కాలుతోంది, కింది సగం చల్లగా ఉంది.

"సగం నాళాలు బంద్ సాబ్. కొత్త నీళ్ళు పోసిండ్రు గద, పాత సున్నం పెచ్చులు ఊడొచ్చి అడ్డం వడ్డయి. పూరా విప్పి కడ్డీ పెట్టి సాఫ్ జెయ్యాలంటె నాలుగు గంటలు."

"నాలుగు గంటలు లేవు భాయ్" అని బిడ్డ సంగతి చెప్పాను. వెంటనే పైపులు ఊడదీసి, కింది నుంచి పైకి ఎదురు నీళ్ళు కొట్టాడు. పెంకుల్లాంటి పెచ్చులు దోసెడు పడ్డాయి. ఈలోపు నేను టాక్సీ స్టాండ్‌కు పరుగెత్తాను. పెళ్ళిళ్ళ రోజులు, ఒక్క బండీ లేదు. తిరిగి వచ్చేసరికి పది దాటింది.

"కొంచెం తెరుసుకున్నది. గని వాల్వ్‌తోని ఉరికితె మల్ల ఎక్కుతది. వాల్వ్ తీసేస్త, నీళ్ళు జోరుగ తిరుగుతయి, అరవై మీద పోతరు. ఫికర్ లేదు. కాకపోతె..." అని ఆగాడు. "హీటర్ రాదు."

వాల్వ్ ఉంటే వెచ్చగా పోతాం, డాక్టరు దొరకడు. తీసేస్తే డాక్టరు దొరుకుతాడు, బిడ్డ చలిలో మూడు గంటలు. పైన ముసురు తగ్గలేదు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్వప్న బండి తలుపు తెరిచింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, నిన్నటి నుంచీ నాలుగు మాటలు మాట్లాడలేదు.

"తీసెయ్యమను మామా. ఆస్పత్రిల నర్సమ్మ నేర్పింది, బట్ట అడ్డం లేకుంట గుండెకు ఆనిచ్చుకుంటె పెట్టెలెక్కనే వెచ్చగుంటదట. నేను ఆనిచ్చుకుంట. నువ్వు తోలు."

ఖాదర్ భాయ్ ఆ మాట విని తల వంచి పనిలో పడ్డాడు. పావుగంటలో వాల్వ్ బయటికి వచ్చింది. డబ్బులు ఇవ్వబోతే, "బిడ్డ కండ్లు సూపెట్టుకోని రాండ్రి, రేడియేటర్ సాఫ్ జేసినంక మాట్లాడుదాం" అన్నాడు.

వడ్ల రోడ్డు

ముల్లు మళ్ళీ అడుగున పడుకుంది. ఆ ముల్లు చూసి రెండేళ్ళు గర్వపడ్డ నేను, ఇప్పుడు దాన్ని చూస్తే నన్ను నేను తన్నుకోబుద్ధయింది. అద్దంలో చూస్తే స్వప్న జాకెట్టు లోపల బిడ్డ, పైన చీర కొంగు, ఆ పైన బిడ్డ మేరకే చుట్టిన అక్క శాలువా. బిడ్డ ఏడిస్తే భయం, ఏడవకపోతే ఇంకా భయం. ప్రతి ఊరు దాటగానే అడుగుతున్నాను.

"ఎట్లున్నది?"

"మూతి కదుపుతున్నది మామా."

మెట్‌పల్లి దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. జల్లు పడుతోందని రైతులు పట్టాలు కప్పుతూ రోడ్డుకు అడ్డంగా పరుగులు పెడుతున్నారు. హారన్ మీద చెయ్యి తీయకుండా కొట్టాను. ఒకామె పట్టా వదిలేసి, "మా పంట వోతుంటె నీదేం వోతున్నది?" అని అరిచింది. కోపంతో అద్దం దించాను, ఏదో అనబోయాను. ఆమె చూపు వెనక సీటు మీద పడింది. ఏమీ అడగలేదు. "జరుగుండ్రి, జరుగుండ్రి, బాలింత బండి!" అని అటువైపు కేకేసింది. వడ్ల కుప్పల మధ్య దారి అయింది. వడ్లు తడుస్తున్నా నిలబడి దారి ఇచ్చారు. నాకు సిగ్గేసింది.

ఒంటిగంటా నలభై

కళ్ళ ఆస్పత్రిలో కౌంటరు దగ్గరి అమ్మాయి గడియారం వైపు చూసింది. "లేటయింది సార్. ముందు కండ్లల్ల చుక్కలు వెయ్యాలె, అరగంటకు పైగా పడ్తది. సార్ రెండింటికి వెళ్తరు."

అంత దూరం ఎట్లా వచ్చామో చెప్పడం మొదలుపెట్టాను. లోపలి నుంచి డాక్టరే బయటికి వచ్చాడు, చేతిలో బ్యాగుతో. స్వప్న కొంగు పక్కకు తీసి బిడ్డ తల చూపించింది. ఆయన బ్యాగు బల్ల మీద పెట్టేశాడు.

"చుక్కలు వేయండి. నేను టీ తాగుతాను" అన్నాడు.

నర్సు బిడ్డను అందుకుంటూ, "పాప ఒళ్ళు మస్తు వెచ్చగున్నదమ్మా" అంది. నేను కూర్చోబెడదామని స్వప్న చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది. పెదవులు నల్లబడి, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. దారంతా ముల్లునూ గడియారాన్నీ చూశాను, బిడ్డ ఎట్లా ఉందని అడిగాను. నీకు చలి పెడుతోందా అని ఆ పిల్లను ఒక్కసారి అడగలేదు. నా స్వెట్టర్ విప్పి కప్పాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

పరీక్ష అయ్యాక డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. రెండు కళ్ళల్లోనూ జబ్బు మొదలైందట. ఆలస్యం చేయకుండా మర్నాడే హైదరాబాద్‌లో లేజర్ చేద్దామన్నాడు.

"సూస్తదా సార్?" అంది అక్క.

"సరైన సమయానికి తెచ్చారు. చూస్తుందనే నా నమ్మకం."

"వచ్చే గురువారం తెస్తే?" అని నేను అడిగాను.

"ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు" అన్నాడాయన.

బయట బెంచీ మీద స్వప్న మస్కట్‌కు ఫోన్ కలిపింది. అవతల బిడ్డ తండ్రి ఆమె మాట పూర్తికాకముందే ఏడుస్తున్నట్టుంది, మాకు వినబడుతోంది. స్వప్న మాత్రం ఏడవలేదు. బిడ్డను మళ్ళీ గుండెకు ఆనించుకుని, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, ఇంకా వణుకుతున్న పెదవులతో అంది.

"ఏడ్వకు. సూస్తదట. నువ్వొచ్చేటాల్లకు నీ మొకం జూసి, ఎవలో అని కొత్త జేస్తది, సూడు."